ఇంట కూర్చిన వాహనమునకు మూలరూపమేది?

హైదరాబాదు పాతనగరపు ఇండ్లలో మెట్ల క్రిందను, వరండా మూలలందును, గోనెపట్టాల మాటున ఏండ్ల తరబడి నిలిచిపోయిన మోటారుసైకిళ్ళు అరుదు కావు. వానిలో ఒక రకము విలక్షణమైనది. దాని చట్రము ఒక పాత బుల్లెట్టుది. ముందు ఫోర్కు జావాది. వెనుక చక్రము వేరొక బండిది. పెట్రోలు ట్యాంకు ఏ కర్మాగారమునుండియు వచ్చినది కాదు. రేకును సుత్తెతో సాగగొట్టి చేసినది. విడిభాగములు దొరకని కాలమున, క్రొత్త బండికి పేరు నమోదు చేసికొని సంవత్సరములు వేచియుండవలసిన కాలమున, చేతనైనవారు ఇట్లు స్వయముగా కూర్చుకొనిరి. కట్టినవాడు గతించెను, బండి నిలిచిపోయెను, కుమారులు దానిని మరల నడిపింపదలచిరి అని దృష్టాంతముగా గ్రహింపవచ్చును.

మొదటి దినముననే ఆ ఇంట రెండు పక్షములు ఏర్పడును. బుల్లెట్టు చట్రము కనుక అన్నిటిని తొలగించి బుల్లెట్టుగనే చేయవలెనని ఒక పక్షము. తండ్రి చేసిన రీతిగనే ఉంచవలెనని రెండవ పక్షము. ఇది అభిరుచిభేదముగా కనబడును గాని, నిజమునకు దర్శనశాస్త్రములలో శతాబ్దములుగా చర్చింపబడిన ప్రశ్నయే. అనేక భాగములు కలిసి ఒక వస్తువైనపుడు ఆ "ఒకటి" అనునది ఎచట ఉన్నది? ఇంట కూర్చిన వాహనము విషయమున దీనికి ఇచ్చు సమాధానమును బట్టియే రెంచి పట్టిన చేయి ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో నిర్ణయమగును.

ఇందుకు పాతనగరమే రెండు విరుద్ధోదాహరణములను చూపుచున్నది. చౌమహల్లా ప్రాసాదమున పసుపువన్నె రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ దానిని తెప్పింప నాజ్ఞాపించి, అది చేరకముందే 1911లో దివంగతుడయ్యెను. 1912 నాటి ఆ కారు దశాబ్దములు నిశ్చలముగా పడియుండి, పిదప పునరుద్ధరింపబడినది. అట్టిదానిని బాగుచేయువారికి ఒక ఆధారము కలదు. దానిని నిర్మించిన సంస్థ ప్రసిద్ధము. అదే కాలపు సోదరవాహనములు లోకమున మరికొన్ని నిలిచియున్నవి. సందేహము కలిగినచో పోల్చి చూడవచ్చును.

అచటికి కొద్దిదూరముననే, బహదూర్‌పురాలో, జంతుప్రదర్శనశాల సమీపమున కె. సుధాకర్ 2010లో స్థాపించిన సుధా కార్ల మ్యూజియము కలదు. పాఠశాల దినములనుండియే పాతసామాను సమకూర్చి వాహనములు కట్టుట ఆయన వ్యసనము. వంకాయ, క్రికెట్ బంతి, పాదరక్ష, కెమెరా వంటి ఆకృతులు గల కార్లును, చిట్టి మోటారుసైకిళ్ళును అచట ఉన్నవి. 2005లో ఆయన నిర్మించిన మహాత్రిచక్రము ప్రపంచమున అతిపెద్దదిగా గిన్నిస్ గ్రంథమున చేరినది. ఆ వాహనములకు సోదరులు లేరు, పోల్చి చూచుటకు మరియొక ప్రతి లేదు. రేపు వంకాయ కారు నిలిచిపోయినచో దానిని ఎట్లు కట్టవలెనో చెప్పగల సాక్షులు ఇద్దరే: కట్టిన మనిషి, ఆ కారు. మెట్ల క్రింది మోటారుసైకిలు ఈ రెండవ కోవకు చెందినది. దానికి ఆ ఇద్దరిలో ఒక సాక్షి ఇప్పటికే లేడు.

ఇక దర్శనకారుల మాట. రథమనగా ఏది? ఇరుసా, చక్రమా, కాడియా అని ఒక్కొక్కదానినే చూపి, ఇవేవియు రథము కావు గనుక రథము కేవలము వ్యవహారనామమే అని బౌద్ధులు చెప్పిరి. నాగసేనుడు మిలిందరాజునకు చేసిన ఉపదేశము ఈ విషయమున ప్రసిద్ధము. నైయాయికులు దీనిని అంగీకరింపరు. భాగములు అవయవములు, వానియందు సమవాయసంబంధముచే ఉండు ఒక క్రొత్త ద్రవ్యము అవయవి. గుడ్డ అనునది దారముల కుప్ప కాదు. కుప్పను కప్పుకొనలేము, గుడ్డను కప్పుకొనగలము. ఇట్లే స్పేరుపార్టుల కుప్పపై ఎక్కి చార్మినారు చుట్టి రాజాలము, మోటారుసైకిలుపై రాగలము. బాజారులో కుప్పగా పోసిన సామానుకును, కదలు బండికిని గల భేదము ప్రత్యక్షసిద్ధము గనుక ఇచట నైయాయికుని మాటయే సమంజసముగా తోచును.

కార్యమునకు మూడు కారణములని న్యాయవైశేషికుల సిద్ధాంతము. గుడ్డకు దారములు సమవాయికారణము. ఆ దారముల పరస్పరసంయోగము, అనగా కూర్పు, అసమవాయికారణము. నేతగాడు, మగ్గము మొదలగునవి నిమిత్తకారణములు. మోటారుసైకిలునకు దీనిని అన్వయించినచో ఒక సూక్ష్మవిషయము బయటపడును. కర్మాగారమునుండి వచ్చిన బండిలో ఈ మూడింటికిని బయట ఆధారము కలదు. భాగములకు సంఖ్యలు కలవు, దొరకును. కూర్పునకు పటములు, పుస్తకములు కలవు. మైసూరులో ఐడియల్ జావా కర్మాగారము 1996లో మూతపడినను జావా, యెజ్డీ బండ్ల కూర్పు నశింపలేదు. అది కాగితములపై ఉన్నది, వేలకొలది బండ్లలో ఉన్నది, ఎందరో మెకానిక్కుల చేతులలో ఉన్నది. ఇంట కూర్చిన బండిలో భాగములు మాత్రమే ఇతరత్ర దొరకును. దాని కూర్పు ప్రపంచమున మరియొకచోట లేదు. అది ఆ బండియందే ఉన్నది. అనగా ఆ వాహనము తన నిర్మాణగ్రంథమునకు తానే ఏకైక తాళపత్రప్రతి.

తాళపత్రములకు దారము తెగినపుడు, వరుస గుర్తింపకయే ఆకులను విడదీసి కడిగి ఆరబెట్టువాడు మూఢుడని అందరును అంగీకరింతురు. పాత బండిని బాగుచేయుటలో మాత్రము సరిగా అదే జరుగుచున్నది. మొదటి దినముననే అంతయు విప్పివేయుట, చట్రమును రంగునకు పంపుట, బోల్టులన్నియు ఒకే డబ్బాలో వేయుట ఉత్సాహమునకు లక్షణముగా చెలామణి అగుచున్నది. భాగములన్నియు భద్రముగా ఉన్నవను తృప్తి మిగులును. పోయినది కూర్పు. అది పోయినదని తెలియుటకు కొన్ని నెలలు పట్టును.

ఈ సందర్భమున పాకవిషయకమైన ఒక ప్రాచీనవివాదము స్మరణీయము. పచ్చికుండ ఆవములో కాలి ఎఱ్ఱబడునపుడు ఏమి జరుగును? కుండ పరమాణువుల వరకు విడిపోయి, పరమాణువులు ఎఱ్ఱనై, మరల కుండగా కూడునని వైశేషికులు. దీనికి పీలుపాకవాదమని పేరు. కుండ కుండగా నిలిచియుండగనే సూక్ష్మరంధ్రములద్వారా వేడిమి లోపలికి వ్యాపించి పాకము జరుగునని నైయాయికులు. ఇది పిఠరపాకవాదము. కుండ విడిపోయినచో దానిపై నిలిపిన కుండలు పడిపోవలెను గదా యని నైయాయికుల ఆక్షేపము. భౌతికశాస్త్రముగా ఈ వివాదము నేడు ఎట్లున్నను, పునరుద్ధరణకు ఇవి రెండు మార్గములు. కర్మాగారపు బండికి పీలుపాకము చెల్లును. విప్పినది పుస్తకము చూచి మరల కూర్చవచ్చును. ఇంట కూర్చిన బండికి పిఠరపాకమే మార్గము. అది నిలిచియుండగనే ఒక్కొక్క అంగమును విప్పి, చూచి, వ్రాసికొని, శుభ్రపరచి, స్వస్థానమున నిలిపిన పిదపనే రెండవదానిని తాకవలెను.

ఒక ఉదాహరణము చాలును. వెనుక చక్రము వేరొక బండిదైనపుడు దాని స్ప్రాకెట్టు ఇంజను స్ప్రాకెట్టునకు సూటిగా రాదు. కట్టినవాడు ఇరుసువద్ద రెండు మూడు మందపు వాషర్లు వేసి గొలుసును ఒకే రేఖలోనికి తెచ్చును. పిదప వచ్చినవాడు అవి పుస్తకమున లేవు గనుక మోటుపని యని తీసివేయును. బండి కదలును గాని గొలుసు వంకరగా నడచి పండ్లను తినివేయును. ఒకనాడు నడివీధిలో జారిపోవును. పగలు భుజింపని దేవదత్తుడు బలిసియున్నాడనిన రాత్రి భుజించుచున్నాడని కల్పించుట మీమాంసకులు చెప్పు అర్థాపత్తి ప్రమాణము. ఇంట కూర్చిన బండియందు అకారణముగా కనబడు ప్రతి వాషరును, అతుకును అట్టి బలిసిన దేవదత్తుడే. దానికి కారణము తోచువరకు దానిని తొలగింపరాదు. ఇది గతించినవానిపై భక్తి కాదు, ప్రమాణవిచారము.

బండిని మరల నడిపించు క్రమముకూడ తర్కమునకు లోబడినదే. పెట్రోలు ఇంజను నడచుటకు ఇంధనము, నిప్పురవ్వ, ఒత్తిడి అను మూడును యుక్తక్షణమున కలియవలెను. ఏండ్లు నిలిచిన ఇంజనుపై ఎక్కి కిక్కు కొట్టుట సాహసము. ప్లగ్గు తీసి, ఆ రంధ్రమున కొంత నూనె పోసి, దినములకొలది నాననిచ్చి, చేతితో మెల్లగా త్రిప్పి పిస్టను కదలుచున్నదా యని చూడవలెను. పాతనూనెను తీసివేయవలెను. ట్యాంకు అడుగున త్రుప్పును, కార్బురేటరు జెట్టులలో జిగురై ఎండిన పెట్రోలును తొలగింపవలెను. ఇప్పుడు అమ్మబడు పెట్రోలులో ఇథనాల్ కలిసియుండును. అది తేమను పీల్చును, పాత రబ్బరు గొట్టములను చెరచును. కనుక గొట్టములు, వాషర్లు దానికి తట్టుకొనునవి వేయవలెను. పాత బుల్లెట్టు ఇంజనులో పాయింట్ల మధ్య ఎడము సుమారు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండవలెను; ఆ వెండ్రుకవాసి తప్పినచో నిప్పురవ్వ అకాలమున పుట్టును.

దోషమును కనుగొనుట అన్వయవ్యతిరేకములచేతనే సాధ్యము. ఒకటి ఉన్నపుడు ఉండుట, లేనపుడు లేకుండుట. ప్లగ్గు తడిసియున్నచో ఇంధనము వచ్చుచున్నది. పొడిగా ఉన్నచో రాలేదు. ఒక్క అంశమును మార్చి చూడవలెను, రెండింటిని ఒకేసారి మార్చినచో ఏది కారణమో తెలియదు. పొగనుబట్టి నిప్పును ఊహించుట మన తర్కశాస్త్రమున మొదటి పాఠము. మెకానిక్కు దానిని సైలెన్సరువద్ద చదువును. నీలిపొగ వచ్చినచో నూనె మండుచున్నది, నల్లపొగ వచ్చినచో పెట్రోలు అధికమైనది. నిప్పున్నచోటనెల్ల పొగ ఉండుననుట మాత్రము చెల్లదు. కాలిన ఇనుపగుండునందు నిప్పు కలదు, పొగ లేదు. తడికట్టెల సంబంధమను ఉపాధి ఉన్నపుడే నిప్పునుండి పొగ పుట్టునని శాస్త్రము. నిప్పురవ్వ ఉన్నంతమాత్రమున ఇంజను నడచునని భ్రమించువాడు సరిగా ఈ ఉపాధినే మరచినవాడు.

పాతనగరపు చిన్న దుకాణములలో ఉస్తాదు షాగిర్దునకు నేర్పునది ఇదే. ఆ నేర్పు పరిభాషలేని తర్కము. విని, తాకి, వాసన చూచి నిర్ణయించు ఆ విద్య గ్రంథస్థము కాలేదు. పదకొండవ శతాబ్దమున భోజుడు సమరాంగణసూత్రధారమున ముప్పదియొకటవ అధ్యాయమును యంత్రములకు కేటాయించి, యంత్రవిద్యకు పారంపర్యకౌశలము, గురూపదేశము, శాస్త్రాభ్యాసము, బుద్ధి కావలెననెను. అదే చోట, నిర్మాణక్రమమును పూర్తిగా చెప్పకపోవుట అజ్ఞానముచేత కాదు, గోప్యత కొఱకేనని కూడ తెలిపెను. ఫలితము విదితమే. ఆ యంత్రముల వర్ణన మిగిలెను, నిర్మాణము మిగులలేదు. పూర్వులకు అన్నియు తెలియునని గర్వించుటకు ఆ అధ్యాయమును ఉదహరించువారు దానిలోని ఈ పాఠమును గ్రహించుట లేదు. దాచిన విద్య దాచినవానితోనే పోవును.

ఇప్పుడు చట్టవిషయము. కేంద్రప్రభుత్వము 2021 జూలైలో పురాతనవాహనములకు ప్రత్యేకనియమములు ప్రకటించినది. 50 ఏండ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకు వీఏ అను అక్షరములతో ప్రత్యేకసంఖ్య లభించును. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు. ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, మరమ్మతునకు వీథిలోనికి తేవచ్చును, నిత్యవ్యవహారమునకు తేరాదు. ఇంతవరకు సముచితమే. అయితే వాహనము మూలరూపమున ఉండవలెను; చట్రమునందు గాని, శరీరమునందు గాని, ఇంజనునందు గాని గణనీయమైన మార్పు జరిగియుండరాదు. మోటారు వాహనముల చట్టము 52వ విభాగము కూడ ఉత్పత్తిదారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదనును. 2019 జనవరిలో సర్వోన్నతన్యాయస్థానము దీనిని దృఢపరచినది.

దర్శనభాషలో చెప్పవలెననిన, చట్టదృష్టిలో మూలరూపమనగా కర్మాగారరూపమే. తత్ఫలముగా, ఐదు దశాబ్దముల క్రిందట ఒక పనివాడు బుద్ధితోను, చేతితోను కూర్చి, ఏండ్లపాటు సంసారమును మోసిన బండి ఎంత పురాతనమైనను పురాతనము కాజాలదు. దానికి మిగిలిన దారులు రెండే: మెట్ల క్రింద త్రుప్పు పట్టుట, లేదా తన్ను తాను చెరపుకొని బుల్లెట్టుగా వేషము ధరించుట. రెండవదానిని లోకము పునరుద్ధరణమనును. నిజమునకు అది ఒకదానిని నశింపజేసి మరియొకదానిని పుట్టించుట.

పూర్వపక్షమును తేలికగా త్రోసివేయరాదు. వీథి ఒకరిది కాదు. బ్రేకు పట్టని బండిపై ఎక్కువాడు తన ప్రాణముతోపాటు పరుల ప్రాణములను పణముగా ఒడ్డుచున్నాడు. మార్పులను చట్టము నియంత్రించుట అహింసాధర్మమునకు అనుగుణమైనదే. సైలెన్సరు విప్పి వీథిని దద్దరిల్లజేయువారిని చూచినవారెవ్వరును దీనిని కాదనరు. కనుక బ్రేకులు, టైర్లు, దీపములు, తీగలు, గొట్టములు విషయమున భక్తికి తావులేదు. అరిగినది అరిగినదే. అచట క్రొత్తది వేయుటయే కర్తవ్యము. వేసినదానిని వేసినట్లు వ్రాసియుంచుట సత్యము.

అయినను భద్రత వేరు, మూలరూపము వేరు. మొదటిది పరీక్షచే తెలియును; రెండవది చరిత్రచే తెలియును. బ్రిటనులో ఇంట కట్టిన మోటారుసైకిలును ఒంటిగా పరీక్షించి ఆమోదించు పద్ధతి ఉన్నది. బండి ఎవరు చేసిరని కాక, అది ఆగుచున్నదా, దాని దీపములు వెలుగుచున్నవా, హద్దుమీరి ధ్వని చేయుచున్నదా యని అచట చూతురు. మనదేశమునను, 50 ఏండ్లకు పైబడి తన మొదటి కూర్పులోనే నిలిచియున్న స్వనిర్మితవాహనమునకు, పరీక్షానంతరము పురాతనశ్రేణిలో స్థానమొసగుట న్యాయము. దాని మూలరూపము మొదట కూర్చినవాని రూపమని అంగీకరించినచో చాలును. నేడు తొందరపడి మార్చిన బండ్లకు ఇది ద్వారము తెరువదు. కాలమే వానిని వడగట్టును.

ఇచట ఒక సూక్ష్మాక్షేపము రావచ్చును. అవయవము మారినచో అవయవియు మారునని నైయాయికులే చెప్పుదురు గదా. అట్లయిన క్రొత్త బ్రేకు, క్రొత్త గొట్టము పడిన పిదప ఆ బండియే ఇదియని ఎట్లనవచ్చును? దీపజ్వాల క్షణక్షణము మారుచున్నను అదే జ్వాలయని భ్రమించినట్లు కాదా? సమాధానము కూర్పునందే కలదు. అరిగిన భాగము స్థానమున అదే పనిచేయు భాగము, అదే సంబంధములలో నిలిచినపుడు, కట్టినవాని సంకల్పము అవిచ్ఛిన్నముగా సాగుచున్నది. కూర్పును చెరపి పాతభాగములనన్నిటిని మిగిల్చినను ఆ సంకల్పము తెగిపోవును. భాగములు కొన్నివందలు, సంకల్పము ఒక్కటి. బండిలోని "ఒకటి" అదియే.

కనుక ఇట్టి బండి గల ఇంటివారికి మొదటి పనిముట్టు రెంచి కాదు, ఒక పుస్తకము. విప్పకముందు ప్రతి పార్శ్వమును చిత్రము తీసి, ఏ బోల్టు ఎచటిదో, ఏ భాగము ఏ బండినుండి వచ్చినదో, ఏది ఎందుకట్లున్నదని ఊహింపబడినదో వ్రాయవలెను. కట్టినవాని తోటివారు, అతనికి నేర్పిన ఉస్తాదులు ఇంకను జీవించియున్నచో వారిని పిలిచి చూపవలెను. ఆ పెద్దలు అరనిముసమున చెప్పునది ఆరునెలల ఊహకు అందదు. వారును ఎల్లకాలము ఉండరు. ఏటేట ఆయుధపూజనాడు పసుపుకుంకుమలద్ది, చక్రము క్రింద నిమ్మకాయ నుంచి, మిగిలిన దినములలో నూనెయైన మార్చనివారు యంత్రమును పూజించినవారు కారు. దానిని చదివి వ్రాసియుంచుటయే దానికి తగిన పూజ.

వాహనశబ్దము వహించుట అను అర్థముగల ధాతువునుండి వచ్చినది. మోయునది వాహనము. మోయనిది, ఎంత మెరసినను, ఉపచారముచేత మాత్రమే వాహనము. ఇంట కూర్చిన బండి మనుష్యులను మాత్రమే మోయదు. చేతిలో పుస్తకము లేకున్నను, సామాను దొరకకున్నను, ఉన్నవానితో ఒక నడచు వస్తువును సాధించిన బుద్ధిని కూడ మోయుచున్నది. దానిని బుల్లెట్టుగా మార్చి నడిపినవాడు ఇనుమును మాత్రమే కదలించినవాడగును. దాని కూర్పుతో నడిపినవాడు ఆ బుద్ధికి మరల మార్గము చూపినవాడగును.